తాళం ఊడితేనే భక్తా?

కథానాయికను ఎవరో ఎత్తుకుపోతారు. చీకటి గదిలో పెట్టి తాళం వేస్తారు. 150 పేజీల దాకా ఆవిడకు దేవుడి మీద చెక్కుచెదరని విశ్వాసం. 151వ పేజీలో కాస్త సందేహం వస్తుంది. సరిగ్గా రెండు పేజీలు మాత్రమే సుమండీ! అంతకు మించి సందేహిస్తే పుస్తకం అచ్చువేసేవాళ్ళు ఒప్పుకోరు కాబోలు. ఆ తర్వాత కన్నీళ్ళు, మోకాళ్ళ మీద ప్రార్థన, ఆ వెంటనే బయట బూట్ల చప్పుడు, తలుపు ఫెళ్ళున తెరుచుకోవడం. వచ్చిన పోలీసుల్లో ఒకడు ఎప్పుడో ఆవిణ్ణి ప్రేమించినవాడే అయివుంటాడు. చివరి అధ్యాయంలో ఇద్దరికీ చర్చిలో పెళ్ళి.

ఇవి అమెరికా నుంచి వచ్చే క్రైస్తవ థ్రిల్లర్లు. మా పక్కింటి టీచరమ్మకు ఇవంటే పంచప్రాణాలు. పొయ్యి మీద పప్పు మాడుతున్నా పట్టించుకోదు. ఒకటి చదివి చూడమని నాకూ ఇచ్చింది. ఒకటి కాదు, మూడు చదివాను. మూడింట్లోనూ తాళం ఊడింది.

మనవాళ్ళేం తక్కువ తిన్నారా? మన భక్తి సినిమాలు చూడండి. అన్నమయ్య రాజు మీద పదం చెప్పనన్నాడని సంకెళ్ళు వేయిస్తే, పాట అందుకోగానే అవి తెగి కింద పడాల్సిందే. హాల్లో చప్పట్లు మోగాల్సిందే. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి ఈ పోట్లాట ఒక మతం మీద కాదు. ఈ రకం కథ మీద.

కాలక్షేపానికి రాసిన కథ మీద ఇంత కోపమెందుకమ్మా అంటారేమో. చెబుతాను. ఈ కథలు మన బుర్రలో ఒక లెక్క వదిలిపెట్టి పోతాయి. నమ్మినవాళ్ళకి తాళం ఊడుతుంది అన్నది లెక్క. బాగానే ఉంది. కానీ దాన్ని తిరగేసి చూడండి. తాళం ఊడలేదంటే నమ్మకం చాలలేదన్నమాట! ఈ రెండోమాట పుస్తకంలో ఎక్కడా అచ్చువేయరు. అది మన వీధుల్లో వినబడుతుంది. కష్టంలో ఉన్న ఆడదాని ఇంటికి పరామర్శకు వచ్చి, కాఫీ తాగి, గడప దాటుతూ అనే మాట అది.

నేను చిన్నప్పుడు మిషను బడిలో చదువుకున్నదాన్ని. మొదటి పీరియడు రోజూ బైబిలు కథే. అందుచేత ఈ థ్రిల్లర్లు రాసేవాళ్ళు తమ గ్రంథాన్నే సరిగా చదవలేదని చెప్పడానికి నాకు కొంచెం ధైర్యం ఉంది. అపొస్తలుల కార్యాల్లో పన్నెండో అధ్యాయం తీసి చూడండి. పేతురును హేరోదు చెరసాలలో వేయిస్తాడు. ఇద్దరు సైనికుల మధ్య, రెండు సంకెళ్ళతో పడుకొని ఉంటాడు. దేవదూత వచ్చి తట్టి లేపుతుంది. సంకెళ్ళు ఊడిపోతాయి. ఇనుప తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఆహా, థ్రిల్లరంటే ఇదే గదా!

అదే అధ్యాయం మొదట్లో ఏముందో మాత్రం ఎవరూ చెప్పరు. అదే హేరోదు యోహాను అన్న యాకోబును కత్తితో చంపించాడు. ఒక్క వాక్యం. అంతే. అతనికి దేవదూత రాలేదు, తలుపూ తెరుచుకోలేదు. ఇద్దరూ యేసు వెంట తిరిగిన శిష్యులే. ఇద్దరూ చేపలు పట్టి బతికినవాళ్ళే. యాకోబుకు భక్తి తక్కువా? పేతురుకు ఎక్కువా? యేసును మూడుసార్లు ఎరగనని బొంకినవాడు పేతురే గదా! బడిలో ఈ ప్రశ్న అడిగితే టీచరు నన్ను కూర్చోమన్నారు. ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న మాత్రం కూర్చోలేదు.

ఆ అధ్యాయంలోనే ఇంకో ముచ్చట ఉంది. అది మన ఆడవాళ్ళు తప్పక చదవాలి. చెరలోంచి బయటపడ్డ పేతురు నేరుగా మార్కు తల్లి మరియ ఇంటికి వచ్చి తలుపు తడతాడు. లోపల అందరూ అతని కోసమే ప్రార్థన చేస్తున్నారు. రొదే అనే పనిపిల్ల గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తియ్యడం కూడా మరచిపోయి లోపలికి పరుగెత్తుతుంది. పేతురు వచ్చాడంటే ఎవరైనా నమ్మారా? నీకు పిచ్చెక్కిందన్నారు. అంత భక్తిగా ప్రార్థన చేస్తున్నవాళ్ళే, అడిగింది వచ్చి గుమ్మంలో నిలబడితే నమ్మలేదు! దేవుడు వాళ్ళ నమ్మకం కొలిచి తలుపు తీసివుంటే పేతురు ఇప్పటికీ లోపలే ఉండేవాడు. జరిగింది జరిగినట్టు చెప్పింది పనిపిల్ల ఒక్కతే. ఆ పిల్లను కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక మన రామదాసు సంగతి. నేలకొండపల్లి కంచర్ల గోపన్న గోలకొండ తానీషా దగ్గర ఉద్యోగం చేస్తూ, ప్రజల దగ్గర వసూలైన పన్ను డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించాడు. సర్కారు సొమ్ము ఆరు లక్షల వరహాలని చెప్పుకుంటారు. పన్నెండేళ్ళు గోలకొండలో ఖైదు. ఆ గది ఇప్పటికీ చూపిస్తారు. గోడ మీద ఆయనే చెక్కుకున్నాడని చెప్పే దేవుళ్ళ బొమ్మలుంటాయి. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే సేవకుల వేషంలో అర్ధరాత్రి తానీషా పడకగదికి వచ్చి, మొత్తం చెల్లించి రసీదు తీసుకున్నారని కథ. 1964లో చిత్తూరు నాగయ్య తీసిన సినిమాలోనూ, 2006లో నాగార్జున వేసిన సినిమాలోనూ మనం ఎదురుచూసేది ఆ రాత్రి కోసమే.

నాకు మాత్రం ఆ రాత్రి కంటే ముందు గడిచిన పన్నెండేళ్ళే కావాలి. ఆ పన్నెండేళ్ళలో ఆయన ఏం చేశాడో కీర్తనల్లో ఉంది గదా! ప్రశాంతంగా ధ్యానం చేశాడా? దెబ్బలాడాడండీ. నగల లెక్కల కీర్తన మీలో పాడని వాళ్ళుండరు. సీతమ్మకు ఇంతపెట్టి పతకం చేయించాను, భరతుడికి ఇంత, శత్రుఘ్నుడికి ఇంత, లక్ష్మణుడికి ఇంత అని అణాపైసలతో సహా లెక్క అప్పజెబుతాడు. ఇవన్నీ పెట్టుకొని కులుకుతున్నావే, ఎవడబ్బ సొమ్మనుకున్నావని నిలదీస్తాడు. మీ నాన్న ఇచ్చాడా, మామగారు పంపించాడా అంటాడు. పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ తీశాడంటే, ఇక మన ఇళ్ళలో జరిగే దెబ్బలాటకూ దీనికీ తేడా ఏముంది? చివరికి దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, తప్పుగా అనుకోవద్దంటాడు. ఎంత మనిషి! ఇంకో కీర్తనలో నేరుగా సీతమ్మ దగ్గరికే వెళతాడు. మీ ఆయన తీరిగ్గా, సంతోషంగా ఉన్న సమయం చూసి నా సంగతి కాస్త కదపమ్మా అని. ఏ మాట ఏ వేళప్పుడు కదపాలో తెలిసినవాడు!

ఇప్పుడు చెప్పండి. రామదాసు రెండు పేజీల సందేహంతో సరిపెట్టాడా? ఆ తిట్టంతా మూటగట్టి మూడు వందల ఏళ్ళుగా మనం హార్మోనియం పెట్టుకొని పాడుకుంటున్నాం. పెళ్ళిచూపుల్లో కూడా పాడిస్తున్నాం. మన భజన గోష్ఠిలో దేవుణ్ణి సొమ్ము లెక్క అడిగినవాడు భక్తుడు. మరి ఇవాళ మన పక్కింటి ఆడమనిషి అదే ప్రశ్న అడిగితే ఆవిడకు భక్తి లేదా? ఇదెక్కడి న్యాయం?

అన్నట్టు, ఆయన భార్య కమలమ్మ అని చెబుతారు. ఈ పన్నెండేళ్ళూ ఆవిడ ఇంట్లో ఏమని అడిగి ఉంటుందో రాసుకున్నవాళ్ళు లేరు. ఆవిడ తిట్టిన తిట్లకు రాగం కట్టినవాళ్ళు లేరు.

తానీషా సంగతి కూడా ఒకమాట చెప్పాలి. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొన్నాక ఆయన్ను దౌలతాబాదు కోటలో బంధించాడు. చనిపోయేదాకా బయటికి రాలేదు. దాదాపు అదే పన్నెండేళ్ళు. ఆయన మంచివాడనీ, దైవభక్తి గలవాడనీ, తన మంత్రులుగా అక్కన్న మాదన్నలను పెట్టుకొన్నాడనీ మనమే చెప్పుకొంటాం. రామలక్ష్మణుల దర్శనం చేసుకొన్న అదృష్టవంతుడని కూడా మనమే అంటాం. అంతటి దర్శనం అయినవాడికి తాళం ఎందుకు ఊడలేదు? మన లెక్క ఇక్కడ తప్పింది గదూ!

ఇదంతా పురాణ కాలక్షేపం అనుకోకండి. మా వైపు చెర అనేది నవల్లో ఉండే వస్తువు కాదు. మదనపల్లె, పీలేరు, రాయచోటి, రాజంపేట వైపుల నుంచి కువైటుకు ఇంటిపనికి పోయే ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పిల్ల పెళ్ళికనో, బోరు వేసి నీళ్ళు పడక చేసిన అప్పుకనో పోతారు. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడమనిషిని ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. 2015లో కువైటు వాళ్ళే ఇంటిపనివాళ్ళ కోసం చట్టం చేశారు. వారానికి ఒకరోజు సెలవివ్వాలి, రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, పాస్‌పోర్టు యజమాని లాక్కోకూడదు. అన్నీ కాగితం మీద ఉన్నాయి. కానీ ఇంటి తలుపు మూశాక లోపల ఏం జరుగుతుందో చూసేదెవరు? చెప్పకుండా గడప దాటితే పారిపోయిందని యజమానే కేసు పెట్టొచ్చు. ఇక ఆ మనిషి ఎటు పోవాలి?

మా వీధి చివర ఒకామె అట్ల పోయింది. పేరు చెప్పను. వాళ్ళు క్రైస్తవులు. మొదటి నాలుగు నెలలు ఫోను వచ్చింది. తర్వాత రాలేదు. తొమ్మిది నెలలు బతికుందో లేదో తెలీదు. వాళ్ళ అత్త శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థనలు పెట్టింది. మా ఇంట్లో నేను గంగమ్మకు ముడుపు కట్టినాను. వెనకింటి ఫాతిమాబీలు దర్గాలో చక్కెర చదివించినారు. ఏ దేవుడికీ లోటు చెయ్యలేదు మేము.

నోళ్ళు ఊరుకుంటాయా? “మొదట్నుంచీ ఆమె ఆదివారాలు సరిగా వచ్చేదా ఏంది?” అని ఒకరు. “వాళ్ళ తాతల నాటి మొక్కు బాకీ ఉండాది, అదే పట్టుకుండాది” అని ఇంకొకరు. “ఇంటోళ్ళకు విశ్వాసం తక్కువ, అందుకే జవాబు రాలే” అని మరొకరు. చెప్పినవాళ్ళంతా మంచివాళ్ళే. సంగటి గిన్నె, ఊరుబిండి తెచ్చి ఇచ్చి మరీ అన్నారు. ఆ అత్త ఒకరోజు నా దగ్గర కూర్చొని, “నా వల్లనేనా అమ్మా ఇదంతా?” అని అడిగింది. కొడుకు తెచ్చిన అప్పు వల్ల, ఏజెంటు చెప్పిన అబద్ధం వల్ల, అక్కడి యజమాని వేసిన తాళం వల్ల జరిగిన పనికి, డెబ్బై ఏళ్ళ ముసలమ్మ తన ప్రార్థనలో లోపం వెతుక్కుంటోంది. నా కోపం ఇక్కడ పుట్టింది. దీన్ని సాహిత్య విమర్శ అనుకుంటే అనుకోండి.

చివరికి ఆమె వచ్చింది. ఎట్ల వచ్చిందో వినండి. పక్క మేడ మీద బట్టలారేసే పనిమనిషి మన రాయచోటి వైపు ఆమె. గోడ అవతల ఎవరో తెలుగులో ఏడుస్తున్నారని కనిపెట్టింది. ఊరూ పేరూ అడిగి, తన ఫోనులో మన వాళ్ళకు కబురు చేసింది. తనకూ ఆ ఇంట్లో అదే గతి పట్టవచ్చని తెలిసే చేసింది. ఈమె తమ్ముడు పోలీసు స్టేషనుకు, సోమవారం అర్జీలకు, ఏజెంటు ఇంటికి తిరిగి తిరిగి చెప్పులరిగేలా తిరిగినాడు. మన ఎంబసీకి దరఖాస్తు పోయింది. అక్కడివాళ్ళు యజమానిని పిలిపించి మాట్లాడినారు. రొదేను గుర్తుపెట్టుకోమన్నాను, ఇందుకే. ఇక్కడ కూడా గొంతు గుర్తుపట్టింది పనిమనిషే.

ఆమె రాగానే చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. టీచరమ్మతో నేనూ పోయినాను. ఆమె మైకు పట్టుకొని నిలబడి, “నాలుగో నెల నుంచి నేను ప్రార్థన చెయ్యలేదు. చేసేకి నోరు రాలేదు. నువ్వుండావా లేవా, ఉంటే ఇదంతా చూస్తా ఊరికే ఉండావా అని గోడను అడగతా ఉంటి” అనింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. ముందు వరసలో ఒక పెద్దాయన మెల్లగా, “అది వద్దులేమ్మా, విడుదల సంగతి చెప్పు” అన్నాడు. ఆమె మైకు కాసేపు అట్లే పట్టుకొని, దేవునికి స్తోత్రం అని చెప్పి కూర్చుంది. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం లేచి అరవాలనిపించింది.

ఎందుకంటే ఆమె అడిగిన మాట వాళ్ళ గ్రంథంలోనే ఉంది. బాప్తిస్మమిచ్చు యోహానును చెరసాలలో పెడితే, ఆయన శిష్యులను పంపి యేసునే అడిగించాడు. రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకడి కోసం ఎదురుచూడాలా అని. నది ఒడ్డున నిలబడి అందరికీ ఈయనే అని చూపించినవాడు, తాళం పడ్డాక నువ్వేనా అని అడుగుతున్నాడు! యేసు కోప్పడ్డాడా? అది వద్దులే, ఇంకోటి చెప్పు అన్నాడా? గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారని చెప్పి పంపాడు. వాళ్ళు వెళ్ళాక జనం వైపు తిరిగి, స్త్రీలు కన్నవాళ్ళలో యోహాను కంటే గొప్పవాడు పుట్టలేదన్నాడు. అయినా ఆ తాళం మాత్రం ఊడలేదు. ఒక విందులో ఒక పిల్ల ఆడిన ఆటకు బహుమానంగా ఆయన తల పళ్ళెంలో వచ్చింది.

యోబు కథలో పరామర్శకు వచ్చిన స్నేహితులను కూడా తలుచుకోండి. నువ్వేదో పాపం చేసివుంటావు, లేకపోతే ఇంత కష్టమెందుకు వస్తుందని పేజీలకు పేజీలు బోధించారు. యోబేమో దేవుణ్ణి వాదానికి రమ్మన్నాడు. చివర్లో దేవుడు యోబును కూడా గట్టిగానే నిలదీశాడనుకోండి. కానీ, నా గురించి మీరు సరిగా మాట్లాడలేదని కోప్పడింది ఆ స్నేహితుల మీద! నా సేవకుడు యోబు మీకోసం ప్రార్థన చేస్తేనే మిమ్మల్ని వదులుతానన్నాడు. కాఫీ తాగి గడప దాటేవాళ్ళు ఈ భాగం ఒకసారి చదువుకొని రావాలి.

ఈ సంగతి తెలిసి రాసినవాళ్ళు లేకపోలేదు. జపానులో షుసాకు ఎండో అనే క్రైస్తవ రచయిత 1966లో ‘మౌనం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక నవల రాశాడు. 2016లో సినిమాగా కూడా వచ్చింది. పదిహేడో శతాబ్దంలో అక్కడ క్రైస్తవులను హింసించిన కాలపు కథ. చెరలో ఉన్న పాదిరీకి రాత్రి ఎవరో గుర్రు పెడుతున్నట్టు వినిపిస్తుంది. కావలివాళ్ళు కాబోలని చిరాకు పడతాడు. అది గుర్రు కాదు, గోతిలో తలకిందులుగా వేలాడదీసిన రైతుల మూలుగని తర్వాత తెలుస్తుంది. అక్కణ్ణుంచి అతని విశ్వాసం ఏమైందో చెప్పను, చదవండి. టీచరమ్మకు ఇచ్చాను. నిద్ర పట్టలేదని తిట్టింది. ఆ మూడు థ్రిల్లర్లకూ ఆవిడకు హాయిగా నిద్ర పట్టింది మరి.

“నమ్మకం మనిషికి ధైర్యం గదా, దాన్నెందుకు కదుపుతావు?” అని మావారు అంటారు. నేనేమీ నాస్తికురాల్ని కాను. శనివారం ఒంటిపూటే తింటాను. నమ్మకాన్ని కదపడం లేదు. నమ్మకానికి మార్కులు వేసే పరీక్షాధికారుల్ని కుర్చీలోంచి లెమ్మంటున్నాను.

మా చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మ ఉంది. అమ్మవారి తల మీద పువ్వు పెట్టించి మనసులో మాట అడుగుతారు. కుడివైపు పడితే పని అవుతుందని, ఎడమవైపు పడితే మంచిది కాదని, మధ్యలో పడితే కొన్నాళ్ళు ఆగాలని అంటారు. పువ్వు దేన్ని బట్టి పడుతుందన్న వాదన ఇక్కడ పెట్టను. నాకు నచ్చింది ఒకటే. ఎడమవైపు పువ్వు పడ్డ ఆడమనిషిని, నీకు భక్తి చాలదు పో అని ఎవరూ అనగా నేను వినలేదు. ఆమె తీర్థం పట్టుకొని, పిల్లను చంకనేసుకొని కొండ దిగుతుంది. కాదనే హక్కు అమ్మవారికి ఇచ్చినవాళ్ళు, అడిగే హక్కు మనిషికి కూడా ఇచ్చారు.

ఆమె ఇప్పుడు టమాటా మండీలో పనికి పోతోంది. చర్చికి కూడా పోతుంది, వెనక వరసలో కూర్చుంటుంది. రాయచోటి ఆమె సెలవుకు వచ్చినప్పుడు రెండు రోజులు వీళ్ళింట్లోనే ఉంది. మళ్ళీ సాక్ష్యాల కూటం పెడుతున్నారని టీచరమ్మ చెప్పింది. ఆ మైకు మళ్ళీ ఆమెకే ఇవ్వండి. నాలుగో నెల దగ్గర్నుంచి, ఎవరూ అడ్డం పడకుండా చెప్పనివ్వండి. పక్కనే ఆ రాయచోటి ఆమెను కూడా నిలబెట్టండి, కువైటుకు మళ్ళీ పోకముందే.